వ్యాను ఉన్న సహోదరుడు

మొన్న శనివారం డాలస్ పక్కనున్న కాపెల్‌లో మా పాత చర్చి సంఘం ఫుట్‌బాల్ జట్టు పాతికేళ్ల విందు చేసుకుంటూ నన్ను కూడా పిలిచింది. బిర్యానీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్న నాకు, ఎప్పుడో నా చేతులతో నేనే మోసుకెళ్లి ఇచ్చిన ఒక ఉత్తరం తెర మీద నిలువెత్తున కనిపించింది. దాని కవరు నాకు బాగా గుర్తే. లోపల ఏముందో చూడటం మాత్రం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి మోకరించినా ప్రార్థనలో మాట రావడం లేదు కనుక, ఈ దేశంలో నాతోపాటే తల నెరిసినవాళ్లు, అద్దె హాళ్లలో మడత కుర్చీలు వేసి ఆరాధన మొదలుపెట్టినవాళ్లు చదువుతారని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

అప్పట్లో డాలస్ చుట్టుపక్కల తెలుగు సంఘాల మధ్య, ఎండలు తగ్గాక, శనివారం ఉదయాలు ఫుట్‌బాల్ పోటీలు జరిగేవి. ఫుట్‌బాల్ అంటే ఇక్కడి ఆట, కోలగా ఉండే బంతిని చేత్తో విసిరే ఆట. కాకపోతే మర్నాడు ఆరాధనకు అందరం నడిచి రావాలి కనుక ఒకరినొకరం పడదోయకుండా, నడుముకు వేలాడే రిబ్బను లాగితే చాలు ఆట ఆగినట్టేనని నియమం పెట్టుకున్నాం. నేను మధ్యలో వంగి నిలబడి బంతిని కాళ్ల సందులోంచి వెనకనున్న క్వార్టర్‌బ్యాక్‌కి, అంటే బంతి విసిరేవాడికి, అందించేవాణ్ణి. ఆ పని చేసేవాడికి తన వెనక ఏం జరుగుతోందో కనిపించదు, ఎదుటివాళ్ల ముఖాలు చూసి ఊహించుకోవాలి. పరుగు రానివాళ్లకు ఇచ్చే పని అదని మా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త, ఆ జట్టుకు కెప్టెన్ కూడా, నవ్వుతూ అనేవాడు కానీ, ప్రతి ఆటా నా చేతిలోంచే మొదలవుతుందన్న సంగతి నాకు ఎంతో గొప్పగా ఉండేది. వారమంతా ఆఫీసులో ఎవరి కోడ్‌నో సరిదిద్దుతూ శనివారం కోసం ఎదురుచూసేవాణ్ణి.

ఆ పోటీలకు ఒకే కట్టుబాటు: సంఘం రిజిస్టరులో పేరున్నవాడే ఆ సంఘం తరఫున ఆడాలి. ఒక సంఘం నుంచి మరో సంఘానికి పేరు మారాలంటే, మీకు తెలిసిందే, పాత కాపరి దగ్గర బదిలీ ఉత్తరం తెచ్చుకోవాలి. ఈ సహోదరుడు మా మధ్య మంచి సాక్ష్యం కలిగి ఉన్నాడు, చేర్చుకోగలరు అని నాలుగు ముక్కలు, కింద సంతకం. ఇండియాలో పెళ్లికో ఉద్యోగం బదిలీకో పనికొచ్చే ఆ ఉత్తరం ఇక్కడ ఫుట్‌బాల్‌కి పనికొచ్చింది. ఏ సంఘంలోనూ పేరు లేకుండా కొత్తగా దిగినవాళ్లను మా తోడల్లుడు ఫ్రీ ఏజెంట్లు అనేవాడు. ఇండియన్ స్టోర్‌లో కరివేపాకు దగ్గర కాపు కాసి, కాస్త కండగల పిక్కలు కనబడితే చాలు, "వందనాలు బ్రదర్, మీరు ఏ చర్చ్‌కి వెళ్తున్నారు? మా దగ్గర సండే లంచ్ కూడా ఉంటుంది" అని పలకరించేవాడు. అలా వలలో పడినవాళ్లలో ఒకాయన తర్వాత బాప్తిస్మం తీసుకుని సంఘపెద్ద కూడా అయ్యాడు కనుక, అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

ఒక ఏడాది ఫైనల్‌లో డెంటన్ సంఘం మమ్మల్ని చిత్తుగా ఓడించింది. డెంటన్ యూనివర్సిటీ ఊరు. అక్కడి సంఘం నిండా మాస్టర్స్ చదివే పిల్లలే, కార్లు లేవు గానీ కాళ్లున్నాయి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఒంగోలు వైపు నుంచి వచ్చినవాడు, క్రికెట్‌లో బౌండరీ దగ్గర నుంచి నేరుగా వికెట్ల మీదికి విసిరి అలవాటైన చెయ్యి. ఓడిపోయిన ఆ రోజు మా తోడల్లుడు మైదానంలోనే కూలబడి, ఆ చెయ్యి మనదైతే ఎంత బాగుండునని అంటూనే ఉన్నాడు.

మరుసటి ఏడాది పోటీలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, మా సంఘ కాపరి అయ్యగారు నన్ను తన గదిలోకి పిలిచారు. సొంత ఊరినీ బంధువులనూ విడిచి తాను చూపించే దేశానికి వెళ్లమని దేవుడు మన విశ్వాసుల తండ్రిని పిలిచిన బైబిలు భాగం చదివారు. డెంటన్‌లో సండేస్కూల్ చెప్పేవాళ్లు లేరనీ, పిల్లలను ఆరాధనకు తీసుకొచ్చేవాళ్లు లేరనీ, దేవుడు నా పేరే ఆయన హృదయంలో పెట్టాడనీ చెప్పి, నా తల మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మూడు రోజులు ఉపవాసముండి సరేనన్నాను. ఆయన అంటించి ఇచ్చిన కవరును చొక్కా జేబులో, గుండెకు ఆనించుకుని, డెంటన్ అయ్యగారికి అందించాను. అదే వారం ఆ ఒంగోలు అబ్బాయి కాపెల్ జట్టులో చేరాడని తెలిసి, ఉద్యోగం వచ్చి ఇటువైపు మారాడేమోలే అనుకున్నాను.

డెంటన్‌లో నన్నెవరూ ఆడమనలేదు. పదకొండేళ్లు, ప్రతి ఆదివారం, కాపెల్ నుంచి మా సొంత వ్యాను తోలుకుంటూ వెళ్లి, అపార్ట్‌మెంట్ల ముందు ఆగి హారన్ కొట్టడం, "అంకుల్, టూ మినిట్స్, షూస్ వేసుకుంటున్నా!" అని బాల్కనీలోంచి కేకలు వినడం, తడి తలలతో ఎక్కిన పిల్లలు సీట్ల మధ్య ఇరుక్కుని హెచ్‌వన్ వీసా లాటరీ కోసం ప్రార్థించమని అడగడం, ఇదే నా శనివారాల స్థానంలోకి వచ్చిన జీవితం. ఆట మీద బెంగ పుట్టినప్పుడల్లా పిలిచినవాడు దేవుడు కదా అని సరిపెట్టుకునేవాణ్ణి. ఏటా కొత్త విద్యార్థులు రాగానే దేవుడు నన్నెలా పిలిచాడో సాక్ష్యం చెప్పమనేవారు. అది విన్న ఒక అబ్బాయి కాలిఫోర్నియాలో పెద్ద ఉద్యోగం వదులుకుని, పక్క రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో పదిమంది కూడా లేని సంఘానికి ఆసరాగా వెళ్లాడు. ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కి ఫోన్ చేసి, అంకుల్, ఆ రోజు మీ మాట వినకపోతే నేను ఇక్కడికి వచ్చేవాణ్ణే కాదు, అంటాడు.

ఇక మొన్నటి విందు. మా తోడల్లుడు మైకు పట్టుకుని, జట్టు చరిత్రలో బెస్ట్ ట్రేడ్స్, బెస్ట్ సైనింగ్స్, అంటే ఇచ్చిపుచ్చుకున్నవాళ్లూ కొత్తగా తెచ్చుకున్నవాళ్లూ, అని తెర మీద ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. కరివేపాకు దగ్గర దొరికిన సంఘపెద్ద మూడో స్థానంలో వచ్చాడు. అందరం చప్పట్లు కొట్టాం. చివరికి ఆ ఉత్తరం పడింది. డెంటన్ అయ్యగారి పాత ఫైళ్లలో దొరికిందట. మా అయ్యగారి గుండ్రని చేతిరాత, నేను ఎక్కడున్నా గుర్తుపడతాను: మీరు కోరినట్లే వ్యాను ఉన్న సహోదరుని పంపుచున్నాము. ఆటలు ఆరంభమగులోగా మీ అబ్బాయి బదిలీ ఉత్తరము పంపగలరు. అంతే. నా పేరు కూడా లేదు.

"నంబర్ వన్! ఆల్ టైమ్ గ్రేటెస్ట్ ట్రేడ్!" అని అరిచాడు మా తోడల్లుడు. "ఒక్క క్వార్టర్‌బ్యాక్ కోసం మనం ఏం ఇచ్చామో చూడండి! మా అన్నయ్యనీ, ఆయన వ్యాన్‌నీ! ఏదీ అన్నయ్యా, ఒకసారి లేచి చెయ్యి ఊపు!"

నేను లేచి చెయ్యి ఊపాను.

టీ దగ్గర అతన్ని పక్కకు పిలిచి అడిగితే నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేంటన్నయ్యా, ఫీల్ అయ్యావా? డెంటన్‌లో ఎంత బ్లెస్ అయ్యావు నువ్వు! మేం ట్రేడ్ చేయకపోతే ఆ టెస్టిమొనీ నీకెక్కడిది?" అన్నాడు. బైబిల్లో అన్నలు అమ్మేసిన తమ్ముడు చివర్లో, మీరు తలపెట్టిన కీడును దేవుడు మేలుగా మార్చాడని అంటాడు, నిజమే. నేను సండేస్కూల్లో ఎన్నోసార్లు చెప్పిన కథే. కానీ ఆ మాట అనవలసింది అమ్ముడుపోయినవాడు, అమ్మినవాళ్లు కాదు. ఇంతకీ నాకు గుర్తొచ్చింది ఆ తమ్ముడు కాదు, అదే బైబిల్లో, రాజు అంటించి ఇచ్చిన కవరును విప్పి చూడకుండా, తన చావు కబురు తానే సేనాధిపతికి మోసుకెళ్లిన సైనికుడు. నేను చావలేదు, పోలిక పెద్దదే. అయినా కవరు మోసినవాడి నమ్మకం మాత్రం ఒక్కలాంటిదే.

తిరిగి వస్తూ కారులో మా ఆవిడ, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "మీకు తెలుసనే అనుకున్నానండీ మొదట్లో. చెల్లి చెప్పింది అప్పుడే. తర్వాత మీరు అంత సంతోషంగా సండేస్కూల్ ఫ్లానెల్ బోర్డు బొమ్మలు సర్దుకుంటుంటే, ఇక చెప్పడానికి నాకు నోరు రాలేదు" అంది. ఆకుపచ్చ దీపం వెలిగినా నేను కదలకపోతే వెనకవాళ్లు హారన్ కొట్టారు.

ఆ ఒంగోలు అబ్బాయి మా కాపెల్ సంఘానికి ఒకే ఒక్క కప్పు గెలిచి పెట్టి, ఏడాది తిరక్కుండానే ఉద్యోగం మీద కాలిఫోర్నియాలోని డబ్లిన్‌కి వెళ్లిపోయాడు. అతని మీద నాకేం కోపం లేదు. బెంటన్‌విల్ అబ్బాయికి ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదు. వచ్చే ఆదివారం డెంటన్‌లో కొత్త విద్యార్థుల ముందు నేను మళ్లీ సాక్ష్యం చెప్పాలి. పదకొండేళ్లు వ్యాను తోలానని చెప్పగలను, అది నిజం. ఎవరు పిలిచారంటే ఏమనాలి?

ఇప్పుడు బదిలీ ఉత్తరాలు ఎవరూ అడగడం లేదు. ఆరాధన ఇంట్లో తెర మీదే చూసి, నచ్చిన సంఘానికి వెళ్తున్నారు, నచ్చకపోతే మానేస్తున్నారు. ఒక కుటుంబం వెళ్లిపోయిందని ఖాళీ కుర్చీలు చూసి తెలుసుకుంటున్నాం. డెంటన్ పిల్లలందరికీ కార్లున్నాయి. ఇవాళ నన్ను ఇచ్చిపుచ్చుకోవలసిన అవసరం ఎవరికీ లేదు, ఆ కవరు మీద నాకున్న కోపంలో ఆ కాలం మీద బెంగ కూడా కలిసి ఉందని ఒప్పుకోక తప్పదు. అయ్యగారు ప్రభువునందు నిద్రించి చాలా ఏళ్లయింది, అడగడానికి లేరు. ఆయన చెయ్యి బరువు నా తల మీద ఇంకా తెలుస్తూనే ఉంది. ఆ కన్నీళ్లు ఎందుకొచ్చాయో పోల్చుకుందామని, ఆ క్షణంలో ఆయన ముఖం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని వారం నుంచి ప్రయత్నిస్తున్నాను. గుర్తు రాదు. ప్రార్థన కదా, నేను కళ్లు మూసుకునే ఉన్నాను.