చిన్నాన్న చదివించిన సరుకుల జాబితా

పోయిన శుక్రవారం పొద్దున నేను దీపం పెట్టేసరికి చిన్నాన్న రెండోసారి కాఫీ వేడి చేసుకుంటున్నారు. "పెద్దమ్మాయ్, ఉప్మాలో ఉప్పు మరిచావు. దేవుడికి చెప్పన్లే," అన్నారు. నేను హారతి ఇచ్చి వచ్చేలోపు కుర్చీలోనే వెళ్లిపోయారు.

పిల్లల్లేని మనిషి. గుంటూరులో చరిత్ర మాస్టారుగా రిటైరై, ఇక్కడ అమెరికాలో, కెరొలినా తీరంలో మా తమ్ముడి దగ్గరే ఉండేవారు. వారానికి రెండు రోజులు ఊళ్లోని చిన్న మ్యూజియంలో వాలంటీరు. మూడు వందల ఏళ్ల కిందటి సముద్రపు దొంగల కథలు అక్కడివి. అందరూ టోపీలూ కత్తులూ చూస్తుంటే ఆయన చీటీ సంగతి చెప్పేవారు. యుద్ధకాలంలో శత్రువుల ఓడల్ని దోచుకోమని రాజే చీటీ రాసిచ్చేవాడట. యుద్ధం ముగిసిందా, చీటీ చెల్లదు. నిన్న శభాష్ అన్న పనికే ఇవాళ ఉరి.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఇంగ్లీషు రాజుకి మన సామెత ఎవరు చెప్పారో!"

నవ్వు అక్కడితో ఆపేవారు. తర్వాత, పట్టుబడిన ఒక ఓడ సరుకుల జాబితాను పిల్లల చేత పైకి చదివించేవారు. చక్కెర, నీలిమందు, ఆఫ్రికా మనుషులు. అంతా ఒకే వరస. దొంగ అమ్మినా గవర్నరు అమ్మినా, కొన్నది ఈ తీరాన పొలాలు వేసుకున్న పెద్దమనుషులే అనేవారు.

వేసవిలో మన తెలుగు బడి పిల్లల్ని తీసుకొచ్చిన ఒకావిడ అడ్డుపడింది.

"అంకుల్, కిడ్స్ ఫన్ కోసం వచ్చారు. ఆ స్లేవరీ పార్ట్ స్కిప్ చేసేయండి, ప్లీజ్."

"నేను స్కిప్ చేస్తే ఆ మనుషులు ఓడ దిగిపోతారా అమ్మా?"

ఆవిడ కంప్లయింట్ చేసింది. ఇక రావద్దని మ్యూజియం నుంచి మెయిల్ వచ్చింది. చిన్నాన్న రెండుసార్లు చదివి, "నా చీటీ కూడా చెల్లలేదే," అన్నారు. మళ్లీ ఆ వీధిలోకి నడకకైనా వెళ్లలేదు.

నిన్న పరామర్శకు ఆవిడే వచ్చింది. ఆయన ఫోటో పెట్టి, ఆయన జ్ఞాపకంగా పిల్లలకు సముద్రపు దొంగల వేషాలు వేసి పైరేట్ డే చేస్తారట. "అంకుల్‌కి పైరేట్స్ అంటే ఇష్టం కదక్కా!" అంది. నమస్కారం పెట్టి గుమ్మం దాకా సాగనంపాను. అరవడం నాకు రాదు. అప్పటినుంచి మనసులో జపం కుదరడం లేదు. వీసా కాగితం చెల్లుతుందో లేదోనని ఏళ్ల తరబడి వణికేవాళ్లం మనం. కాగితం మీద సరుకైపోయిన మనుషుల ఊసెత్తితే మనకు ఫన్ పోయిందా?

సాయంత్రం తమ్ముడూ, చెల్లెలూ, నేనూ కూర్చున్నాం. ఫోటో ఇవ్వం. పదో రోజున సముద్రం దగ్గర చిన్నాన్నకు తిలోదకాలు వదిలాక, నా అన్నవాళ్లు లేనివారికీ ఒక దోసెడు నీళ్లు వదులుతారు. చిన్నాన్న చదివించిన ఆ ఓడ జాబితాలో మనుషుల పేర్లు లేవు, తలల లెక్కే ఉంది. పురోహితుడు తొందరపడినా సరే, తమ్ముడు ఒక్కొక్క తలకూ ఒక్కొక్క దోసెడు వదలాలని నిర్ణయించుకున్నాం.