తింబరుడి చెంబునీళ్లు

రాజగృహానికి వచ్చే శ్రమణులు కుమ్మరి తింబరుడి పాకలోనే రాత్రికి తలదాచుకుంటారు. వాళ్ల కాళ్లు అతడే కడుగుతాడు. కొత్తరాజు తండ్రిని చెరలో వేసి గద్దెనెక్కాక వేగులవాళ్లు కూడా కాషాయం కట్టి తిరుగుతున్నారు. అప్పటినుంచి, నడిచి నడిచి పగిలిన మడమలు చేతికి తగిలితేనే తింబరుడు నోరు విప్పుతాడు. అంతదాకా దేనికైనా “ఊఁ” అంటాడు, అంతే.

నిన్న సాయంత్రం ఒకాయన గుమ్మంలోనే నిలబడి, “ముసలిరాజు కులాసానా నాయనా?” అన్నాడు.

“ఏం కులాసాలే స్వామీ, కన్నకొడుకే కూడు పెట్టక మాడుస్తుంటే!” సారె మీద కుండ అంచు తీరుస్తూ అనేశాడు తింబరుడు.

తర్వాత చెంబు తెచ్చి కాలు పట్టుకున్నాడు. మడమ వెన్నముద్దలా ఉంది. తింబరుడు చెంబు కింద పెట్టేశాడు.

“ఆగావేం నాయనా? రెండో కాలు కూడా కడుగు,” అన్నాడాయన మెల్లగా.