ముట్టినది

మొయినాబాద్ దగ్గర, చిన్న మంగళారం పోయే దారిలో, సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం విల్లాలు కడుతున్న రోజుల్లో నేను ఒక సైటులో రైటర్‌ని. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు, రిజిస్టర్లు రాసేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు. అక్కడ రాసినన్ని కట్టుకథలు నేను ఆ తర్వాత ఎన్నడూ రాయలేదు.

మాది చేవెళ్ల బజార్లో కిరాణా దుకాణం. డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న నన్ను చూపించి, "వీని చేతిరాత ముత్యాల లెక్క ఉంటది పటేలా, జర యాడనన్న పెట్టుకో" అని మా నాయన బతిమాలితే పటేల్ పెట్టుకున్నాడు. ఆ భూముల ఆసామిని అందరూ పటేల్ అనే పిలిచేవాళ్లు. మొన్నటిదాకా అదే నేలలో జొన్న, కంది పండించినవాడు, ఐటీ కంపెనీలు రాగానే బిల్డర్ అయ్యాడు. చేతిలో రెండు సెల్‌ఫోన్లు, ఇంటి ముందు తెల్ల జీపు, మండలంలో పార్టీ పదవి. కట్టడాల గురించి ఆయనకు తెలిసింది మాత్రం వాస్తు ఒక్కటే.

గేటు పక్కన పెద్ద బోర్డు పెట్టించాడు. పనివాళ్లకు హెల్మెట్, ఎత్తు మీద పనికి బెల్టు, తాగడానికి మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, మందుల డబ్బా అంటూ చట్టం ఇవ్వమన్నవన్నీ అందులో ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషులో! ఆ సైటు మొత్తంలో ఇంగ్లీషు చదవగలిగినవాణ్ని నేనొక్కణ్ని. నాకేమో పైనుంచి ఏదీ పడే ప్రమాదం లేదు, షెడ్డులో ఫ్యాను కింద కూర్చునేవాణ్ని. ఆడవాళ్ల మరుగుదొడ్డి అంటే ఆ బోర్డు వెనకాల ఉన్న తుమ్మచెట్లే. మందుల డబ్బాలో పటేల్ బీపీ గోళీలు ఉండేవి.

హెల్మెట్లు మాత్రం నిజంగానే కొన్నాడు. పనివాళ్లు అరవై మంది, హెల్మెట్లు ఇరవై. పసుపుపచ్చగా మెరిసిపోయేవి. వాటిని సిమెంటు గోదాములో పెట్టించి తాళం నా చేతికిచ్చాడు.

"రోజూ పెట్టుకుంటే చెమటకు కరాబైతయి. చెకింగ్‌కు వచ్చినోనికి కొత్తగ కనబడాలె" అన్నాడు.

ఆహా, ఏం ముందుచూపు! తలకాయలు ఏమైపోయినా ఫరవాలేదు, టోపీలు మాత్రం కొత్తగా ఉండాలి. తన జీపు సీట్ల ప్లాస్టిక్ కవర్లే రెండేళ్లయినా తీయని మనిషి, హెల్మెట్ లోపలి పట్టీలకు చుట్టిన ప్లాస్టిక్ తీయనిస్తాడా?

లేబర్ ఆఫీసు వాళ్ల చెకింగ్ ఉందంటే ముందురోజే ఫోన్ వచ్చేది. ఇరవై మందికి హెల్మెట్లు తొడిగి గేటు దగ్గర నిలబెట్టేవాళ్లం. మిగతా నలభై మందిని వెనక వరుస విల్లాల అవతలికి తోలేవాళ్లం. రిజిస్టర్‌లో మాత్రం అరవై పేర్లూ ఉండేవి. ప్రతి పేరుకు ఎదురుగా "హెల్మెట్ ఒకటి ముట్టినది" అని నా ముత్యాల అక్షరాలతో రాసి, వేలిముద్ర వేయించుకునేవాణ్ని. ముట్టినది అన్నది మా దుకాణంలో మాట. సరుకు చేతికి అందితే రసీదు మీద అట్లా రాస్తారు. చేతికి తగలనిదాన్ని ముట్టినదని రాయకూడదని కూడా మా నాయన చెప్పాడు. ఆ సగం నేను హాయిగా మరిచిపోయాను.

ఆలూరు నుంచి ఒకామె ఇటుకలు మోయడానికి వచ్చేది. ఆమె పెనిమిటి మా సైటులోనే మేస్త్రీ. ఇద్దరూ ఎప్పుడూ వెనకకు తోలే నలభై మందిలో ఉండేవాళ్లే. పై అంతస్తు పని మొదలయ్యాక ఒకరోజు ఆమె షెడ్డు దగ్గరికి వచ్చింది.

"చిన్న సేటూ, మా ఇంటాయన గోడ కింద పని చేస్తుండు. పైకెల్లి ఇటుక ముక్కలు పడ్తున్నయి. గా టోపీ ఒక్కటి ఇయ్యరాదు? పని దిగంగనే తెచ్చిస్త."

"గవి చెకింగ్‌కు. ఊకె ఇచ్చేటివి కావు."

"మరి ఏలుముద్ర ఏపిచ్చుకుంటివి గద?"

"గది కాయితానికి. పో, పని చూస్కోపో."

తాళంచెవి నా జేబులోనే ఉంది. లేవడానికి బద్ధకం, పటేల్ తిడతాడని భయం. ఛీ, నాదీ ఒక బతుకేనా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం చాయ్ తాగుతూ కూర్చున్నాను.

మూడో రోజు పైనుంచి, స్లాబుకు కొట్టిన సెంట్రింగ్ చెక్క జారి మేస్త్రీ తల మీద పడింది. జీపు అక్కడే నిలబడి ఉంది. సీట్లకు నెత్తురవుతుందని పటేల్ అతణ్ని ఇసుక ట్రాక్టర్‌లో వేయించి దవాఖానకు పంపించాడు. ప్రాణం దక్కింది కానీ కుడి కన్ను పోయింది, చెయ్యి వణుకు పట్టుకుంది. గోడ నిలువు చూసుకోలేని మేస్త్రీని ఇంకెవరు పనికి పిలుస్తారు?

విచారణకు లేబర్ ఆఫీసర్ వచ్చాడు. ఇచ్చిన హెల్మెట్‌ను కావాలనే పెట్టుకోకపోతే తప్పు పనివాడిదే అవుతుంది, పరిహారం రాదు. కాబట్టి ఆ ఇంటి తిండి నేను రాసిన ఒక్క మాట మీద ఆగింది. పటేల్ గోదాములోంచి ఒక హెల్మెట్ తెప్పించి, అది మేస్త్రీదేనని చెప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇచ్చినం సార్. పెట్టుకోలే. సదువు లేనోళ్లకు ఎంత చెప్తం?" అన్నాడు, ఎంతో బాధపడిపోతూ.

ఆఫీసర్ రిజిస్టర్‌లో వేలిముద్ర చూశాడు. నా వైపు తిరిగాడు.

"నువ్వే రాసినవా? హెల్మెట్ అతనికి ముట్టిందా?"

ఆమె గుమ్మం దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. పటేల్ కూడా నన్నే చూస్తున్నాడు.

"ముట్టింది సార్" అన్నాను.

ఆఫీసర్ హెల్మెట్ లోపలి ప్లాస్టిక్ వంక చూశాడు, పటేల్ వంక చూశాడు, నేను చెప్పిందే రాసుకుని ఫైలు మూశాడు. చాయ్ వచ్చింది.

అప్పుడు ఆమె లోపలికి వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. బల్ల మీది హెల్మెట్‌ను రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. లోపలి ప్లాస్టిక్ చప్పుడు చేసింది.

"గిప్పుడు ముట్టిన సేటూ" అంది. "గిది గూడ రాస్కో."

నేను రాయలేదు. ఇన్నేళ్లకు ఇప్పుడు రాస్తున్నాను, అదీ ఆమెకు చదువు రాదన్న ధైర్యంతో.