బాలామణి వేషం మేకకిచ్చారు

వ్యాసర్పాడిలో మంచి మిరపకాయ బజ్జీ కావాలంటే రైల్వే గేటు దాకా పోవాలి. మంచి తిట్టు కావాలన్నా అక్కడికే పోవాలి. రెండూ బాలామణి బండి దగ్గర వేడివేడిగా దొరుకుతాయి. "పచ్చడి ఇంకాస్త వెయ్యి" అన్నవాడి ఆకులో పచ్చడి పడుతుంది, దాంతోపాటు "మీ ఇంట్లో కూడా ఇట్నే అడుక్కుంటావా నాయనా" అన్న మాటా పడుతుంది. అయినా సాయంత్రమయ్యేసరికి బండి చుట్టూ జనం ఈగల్లా మూగుతారు.

అరవై దాటిన ఈ మనిషి వయసులో ఉన్నప్పుడు సర్కస్‌లో తీగ మీద నడిచేదని వీధికంతా తెలుసు. ఎందుకు తెలియదు, ఆమే చెప్పింది కదా. విన్నవాళ్ళకే మళ్ళీ మళ్ళీ చెప్పింది. నమ్మినవాళ్ళు మాత్రం తక్కువ. బండికి ఎదురుగా పూలు కట్టి అమ్మే మునెమ్మయితే ఒక్క ముక్క నమ్మలేదు.

"తీగ మీద నడిచిందంట. బట్టలారేసే తీగై ఉంటాది," అని మల్లెపూల మీద నీళ్ళు చల్లుతూ, బాలామణికి సరిగ్గా వినిపించేంత మెల్లగా అనేది.

నమ్మింది ఒక్క జగన్నాథం. సినిమాలకు కథలు రాద్దామని రాజమండ్రి నుంచి వచ్చి, ఏళ్ళు గడిచినా ఇంకా రాద్దామనే అనుకుంటున్న మనిషి. బాలామణి ఇంటి మేడ మీద గదిలో అద్దెకుంటాడు. ఒక వర్షాకాలమంతా గొడుగు పట్టుకుని బండి పక్కన నిలబడి, బజ్జీలు తింటూ ఆమె సర్కస్ కబుర్లన్నీ విన్నాడు. సినిమావాళ్ళు ఎలాగూ పిలవడం లేదని వాటితో ఓ నవల రాశాడు. అది అచ్చయింది. తెలుగువాళ్ళు ఇష్టంగా చదివారు కూడా.

"మీ కథేనండి బాలామణి గారూ," అని ఓ కాపీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

బాలామణికి చదవడమంటే బస్సు మీద అరవ బోర్డు చదవడమే. మనవరాలు శ్రీప్రియ కాలేజీలో చదువుతోంది, కానీ అవ్వతో పోట్లాడటానికి పనికొచ్చేంత తెలుగు మాత్రమే వచ్చు, అక్షరాలు రావు. అరవ బడులకు పోయిన ఆ వీధిలో తెలుగు మాట్లాడే నోళ్ళు బోలెడు, చదివే కళ్ళు లేవు. అందుకని పుస్తకం తిన్నగా దేవుడి అలమరలోకి పోయింది. బొట్టు పెట్టారు, పువ్వు పెట్టారు, శుక్రవారం సాంబ్రాణి కూడా వేశారు. తెరవడం ఒక్కటే జరగలేదు.

ఇంతలో చింతాద్రిపేటలో ఓ హాల్లో ఆ నవల మీద సభ పెట్టారు. కథకు మూలమైన బాలామణికి శాలువా కప్పుతామని కబురు వచ్చింది. ఆమె శాలువా సంగతి పట్టించుకోలేదు. నేరుగా మునెమ్మ పూలబుట్ట ముందుకు పోయి నిలబడింది.

"ఏమే మునెమ్మా, నువ్వు రావల్ల. ముందు వరసలో నా పక్కన కూర్చోవల్ల. నేను తీగ మీద నడిచినానో లేదో మైకులో చెప్తారు, చదువుకున్నోళ్ళే చెప్తారు. నీ చెవులతో విను."

"వస్తాలేక్కా. చెవులకేం, ఖాళీగానే ఉండాయి," అంది మునెమ్మ.

బాలామణికి కావలసింది అంతే. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని మూతి తిప్పిన మనిషి ఆ మూతిని ఒక్కసారి నేరుగా పెట్టుకోవాలి.

సభ రోజున వీధి వీధంతా రెండు షేర్ ఆటోల్లో దిగింది. హాలు కూవం మురుగు నది పక్కనే. ముఖ్య అతిథి కన్నా ముందే కూవం వాసన వచ్చి కూర్చుంది. వేదిక మీద జగన్నాథం కొత్త చొక్కా తొడుక్కుని ఫ్యాను కింద సర్దుకున్నాడు. మెట్ల పక్కన బల్ల మీద శాలువా, గులాబీ రేకుల పళ్ళెం ఉన్నాయి. రాజలక్ష్మి అనే తెలుగు లెక్చరరు మైకు ముందుకొచ్చారు. ఆవిడ మాట్లాడబోయేది నవలలోని స్త్రీకీ మేకకీ పోలిక గురించి.

"ఈ నవలలో ఇద్దరు తీగ మీద నడుస్తారు. ఒకరు మాలతి అనే యువతి, ఇంకొకరు మంగ అనే మేక."

బాలామణి మోచేత్తో మునెమ్మను పొడిచింది. "నా పేరు మార్చినాడు. మేక పేరు మాత్రం నిజంగా అదే."

"మాలతి చాలా భయస్తురాలు," అన్నారు రాజలక్ష్మి. "లైటు వెలిగితే ఉలిక్కిపడుతుంది. కళ్ళు మూసుకుని నడుస్తుంది. ఆట ముగిశాక మేక మెడ మీద తల ఆనించి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మాలతిని చూస్తే జాలేస్తుంది, అంతే. మంగను చూస్తే మాత్రం ముచ్చటేస్తుంది. తీగ మధ్యలో కూర్చుని, కుర్చీల్లోని పెద్దమనుషులు చప్పట్లు కొడితే చాలదని, నేల టిక్కెట్టు జనం కొట్టేదాకా లేవదు. మేనేజరు విగ్గు ఎత్తుకొచ్చి రింగు మధ్యలో పడేస్తుంది. అన్నిటికన్నా గొప్పది ఆ అలక. బ్యాండు మాస్టరు లేచి, చేతులు జోడించి, 'దయచేయండి' అంటే తప్ప నిచ్చెన ఎక్కదు. అందాకా నిచ్చెన మొదట్లో వెనక్కి తిరిగి కూర్చుని, ఆయన జేబులోంచి లాక్కున్న గులాబీ తీరిగ్గా నములుతుంది. ఈ నవలకు నాయిక మేకే. స్త్రీ దాని వెనక నడిచే నీడ."

హాలంతా చప్పట్లు. మునెమ్మ ముఖం మల్లెపూవులా విచ్చుకుంది.

"ఏడుస్తా ఉండావంట కదక్కా. చెప్పనే లేదే."

ఆ అలక బాలామణిది. ఆ సర్కస్‌లో బ్యాండు మాస్టరు పులులవాడు వస్తే లేచి నిలబడి వాయించేవాడు, ఆడవాళ్ళు వస్తే కూర్చునే వాయించేవాడు. పులి కన్నా తీగ ఏం తక్కువని ఓ ఆదివారం మ్యాటినీలో బాలామణి నిచ్చెన మొదట్లో కూర్చుండిపోయింది. డేరా అంతా ఈలలు. మేనేజరు బతిమాలాడు, తిట్టాడు. చివరికి బ్యాండు మాస్టరు లేచి దండం పెట్టాడు. ఆ రోజు నుంచి అదే మర్యాదగా స్థిరపడింది. గులాబీ నమిలింది ఆమె, విగ్గు ఎత్తుకొచ్చింది ఆమె. మంగ పిచ్చి మేక, పిరికి మేక. బల్బు చూస్తే వణికేది. తీగ దిగగానే బాలామణి ఒళ్ళో తల దూర్చి, బన్ను ముక్క పెట్టేదాకా బయటికి తీసేది కాదు.

"అది మేక కాదుమే. అది నేను," అంది మెల్లగా.

మునెమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు మేకవా?"

"మేక చేసిందంతా నేను చేసిందే అంటా ఉండా. ఆ ఏడ్చేది ఉండాదే, అది మేక."

"సరి సరి. ఇంటికి పోయినాక నిమ్మకాయ నీళ్ళు తాగుదువులేక్కా."

అంతలో మైకులో పేరు పిలిచారు. బాలామణి లేచింది. వేదిక మెట్ల దాకా తిన్నగా నడిచింది. అక్కడ ఆగి, పళ్ళెంలోంచి గుప్పెడు గులాబీ రేకులు తీసుకుని, కింది మెట్టు మీద సభకు ముఖం పెట్టి, వేదికకు వీపు పెట్టి కూర్చుంది. ఒక రేకు నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది.

శ్రీప్రియ పరిగెత్తుకొచ్చింది. "అవ్వా, ఏమాయె? మోకాలు నొప్పా? ఎల్లారూ చూస్తా ఉండారు."

"చూడనీ."

"అయ్యో, పువ్వు తినొద్దవ్వా. ఛీ, అసింగంగా ఉండాది."

బాలామణి ఇంకో రేకు వేసుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. "ఇది పుస్తకంలో ఉందే," అని ఇంకెవరో అన్నారు. ఆ మాట వరస నుంచి వరసకు పాకింది. రాజలక్ష్మి తన కాగితం చూశారు, మెట్టు మీది మనిషిని చూశారు, తర్వాత జగన్నాథాన్ని చూశారు.

"జగన్నాథం గారూ, ఈ మేక ఎవరండీ?"

కొత్త చొక్కా అప్పటికే తడిసింది. "ఆవిడేనండి. ముందు అన్నీ ఆవిడ చేసినట్టే రాశానండి. చదివిన ఫ్రెండ్సు, ఆడది ఎక్కడైనా ఇలా ఉంటుందా, నమ్మబుద్ధి కావట్లేదు అన్నారు. మేక చేసిందని మార్చానండి. అందరూ నమ్మేశారు."

"మరి ఆ కన్నీళ్ళు?"

"అవి మేకవండి. ఊరికే పారబోయడమెందుకని మాలతికిచ్చాను."

హాలు పగలబడి నవ్వింది. బాలామణి తల తిప్పలేదు.

"కబుర్లు చాలుగానీ, లేస్తావా లేదా?" అంది వెనకున్న జగన్నాథంతో.

జగన్నాథం కుర్చీ కిందపడేంత వేగంగా లేచాడు. చేతులు జోడించాడు. "దయచేయండి, బాలామణి గారూ."

అయినా ఆమె కదల్లేదు. కుర్చీలవాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు, ఆమె చూపు మాత్రం ముందు వరసలో మునెమ్మ మీద ఉంది. మునెమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అందరూ అటు తిరిగేసరికి మునెమ్మకు లేవక తప్పలేదు.

"ఇది ఈరోజు కొత్తగా చేసేది కాదయ్యా," అంది మునెమ్మ సభకంతా. "నీళ్ళ లారీ కాడ కూడా ఇట్నే కూర్చుంటాది. డ్రైవరు దిగొచ్చి రామ్మా అంటేగాని బిందె ఎత్తదు. మా వీధిలో పెళ్ళికి పత్రిక ఇచ్చినా రాదు, వాకిట్లో నిలబడి పిలవల్ల. ఆ మేక ఇదే. నేను సాక్షి."

చెప్పి, చంకలో బుట్టలోంచి పూలు కిందపడినా చూసుకోకుండా చప్పట్లు కొట్టింది.

అప్పుడు లేచింది బాలామణి. కొంగు నడుముకు దోపి, మెట్లెక్కి, వేదిక అంచు వెంబడే జగన్నాథం దగ్గరికి నడిచింది. చెప్పుల్లేని పాదాలు ఒకదాని ముందు ఒకటి, గీత గీసి పెట్టినట్టు పడ్డాయి. ఆమె అలా నడవాలని నడవలేదు, పాదాలకు అదే అలవాటు. మునెమ్మ ఆ పాదాలనే చూస్తూ ఉండిపోయింది. మూతి నేరుగానే ఉంది.

శాలువా కప్పాక జగన్నాథం చెవిలో గొణిగాడు. "రెండో ముద్రణలో మొత్తం మార్చేస్తానండి."

"ఏం మార్చొద్దు. మేకను అట్నే ఉండనీ. పాపం, మంగ బతికినన్నాళ్ళూ భయపడతానే ఉన్నింది. పుస్తకంలోనన్నా ధైర్యంగా ఉండనీ. ఆ మాలతి ఏడుపు మాత్రం తీసెయ్. అంత ఏడవల్లంటే ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఏడవమను."

తిరుగు ప్రయాణంలో షేర్ ఆటో నిండిపోయింది. అందరూ ఎక్కారు, బాలామణి తప్ప. శాలువా భుజాన వేసుకుని, ఎంతో అందమైనది చూస్తున్నట్టు కూవం వైపు చూస్తూ నిలబడింది.

"ఎక్కవ్వా, డ్రైవరు అరస్తా ఉండాడు," అంది శ్రీప్రియ.

బాలామణికి వినిపించలేదు.

మునెమ్మ నిట్టూర్చింది. బుట్ట పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టి, మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగింది. నడిరోడ్డు మీద చేతులు జోడించింది.

"దయచేయండి, మేకమ్మా."

బాలామణి దయచేసింది. ఎక్కుతూ ఎక్కుతూ మునెమ్మ కొప్పులోని గులాబీ నుంచి ఒక రేకు తెంపి నోట్లో వేసుకుంది.