బ్లాంక్‌లో ఏమీ రాలేదన్నాను

సముద్రం అడుగు బురద మా ప్రయోగశాలకు థర్మోకోల్ పెట్టెల్లో, డ్రై ఐసు పొగల మధ్య వచ్చేది. మా భవనం షామీర్‌పేట దాటాక వచ్చే గుట్టల పక్కన ఉంది. పెట్టె విప్పితే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టేది. మేమందరం ముక్కు మూసుకుంటే ఆమె మాత్రం దగ్గరికి వంగి చూసేది.

ఆమె నాకంటే నాలుగేళ్లు చిన్నది. కుత్బుల్లాపూర్‌లోని కార్మికుల కాలనీ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. వాళ్ల నాయిన ఒక కంపెనీలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. చేరిన మొదటిరోజే నన్ను అక్కా అంది. నేను అల్వాల్ నుంచి స్కూటీ మీద వచ్చేదాన్ని, అప్పటికి మూడేళ్లుగా అక్కడ ఉన్నాను. ఎవరు ఏ బురద నుంచి డీఎన్ఏ తీసినా దాన్ని చదివే యంత్రం నడిపేది నేనే. యంత్రం ఇచ్చిన అక్షరాల్లోంచి ఆ జీవులు ఏం తింటాయో, ఎలా బతుకుతాయో తేల్చడం ఆమె పని.

ఆ బురదలో వెలుతురు లేదు, ఆక్సిజన్ లేదు. అందులో ఒక రకం సూక్ష్మజీవి మీథేన్ తింటుంది. తినగా విడుదలయ్యే ఎలక్ట్రాన్లను తనకు అతుక్కుని ఉన్న ఇంకో రకం జీవికి అందిస్తుంది. రెండోది వాటితోనే బతుకుతుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా నిలవలేదు. మామూలు బ్యాక్టీరియా అరగంటలో రెండైపోతే, వీటికి నెలలు పడుతుంది. ఇంత తక్కువ తిండితో ఇంత ఓపిక ఎట్లా వచ్చిందో వాటి జన్యువుల్లో ఎక్కడో రాసి ఉంటుందని ఆమె బస్సులో కూడా వాటి గురించిన కాగితాలే చదువుకుంటూ వచ్చేది.

మా సార్‌కు ఆమె అంటే గురి కుదిరింది. ఒక సోమవారం మీటింగ్‌లో అందరి ముందూ, నేను ఇన్నేళ్లలో యంత్రం బటన్లు నొక్కడం నేర్చుకున్నానని, ఆమె ఎనిమిది నెలల్లో ఆలోచించడం నేర్చుకుందని అన్నారు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, జాలిగా నా వైపు చూసింది. ఆ జాలి నాకు ఎక్కువ మండింది. పైగా ఆ ఏడాది బురద తీసే ఓడ మీద మా ప్రయోగశాలకు ఒకే ఒక్క చోటు ఉంది. అది నాదేనని నేను మొదటి ఏడాది నుంచి అనుకుంటూ ఉన్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె సగం తిన్న టిఫిన్ డబ్బాతో నా టేబుల్ దగ్గరికి వచ్చింది. బాగా లోతైన పొరలోని డీఎన్ఏలో ఆక్సిజన్ పీల్చే జీవి జన్యువులు దొరికాయట. ఆక్సిజన్ చొరబడని చోట ఆ జన్యువులెందుకుంటాయి? చీకట్లో ఏ జీవో దాన్ని తయారుచేస్తోందా? సార్‌కు చెప్పేముందు బ్లాంక్ సంగతి అడగడానికి వచ్చింది.

బ్లాంక్ అంటే బురద వెయ్యని గొట్టం. అందులో శుద్ధమైన నీళ్లు, రసాయనాలు మాత్రమే ఉంటాయి. మిగతా గొట్టాలకు చేసినవన్నీ దానికీ చేస్తాం. అందులో ఏదైనా జీవి జాడ వస్తే అది మన చేతుల నుంచో నీళ్ల నుంచో వచ్చినట్టు, సముద్రానిది కాదు. ఆ ఫైళ్లు ముందు నా కంప్యూటర్‌కే వస్తాయి. అప్పటిదాకా నేను చూడలేదు. ఆమె ఎదురుగా నిలబడి ఉండగానే తెరిచాను. తెర నా వైపు ఉంది.

అదే జీవి. నీళ్లు శుద్ధిచేసే యంత్రం గొట్టాల్లో కాపురం పెట్టే మామూలు బ్యాక్టీరియా. నేను చూడగానే గుర్తుపట్టాను.

"ఏమన్న వచ్చిందా అక్కా?" అంది.

"ఏం రాలే. సాఫ్ ఉంది" అన్నాను.

ఆమె నా భుజం గట్టిగా పట్టుకుని వదిలింది. డబ్బాలో మిగిలిన రొట్టెను తుంచి, టమాటా తొక్కు పెట్టి నా చేతికిచ్చింది. తిన్నాను.

సాయంత్రం చెబుదాం అనుకున్నాను. తర్వాత మరునాడు అనుకున్నాను. ఆమె వారాల తరబడి బొమ్మలు గీసింది, పట్టికలు కట్టింది. సార్ దాన్ని ఏడాది సమీక్షలో పెట్టారు. సమీక్ష రోజు పొద్దున నేను తొందరగా వెళ్లి బ్లాంక్ ఫైళ్లను అందరికీ కనిపించే ఫోల్డర్‌లో పెట్టాను. ఎప్పుడు పెట్టానో ఎవరైనా చూస్తారేమోనని భయపడ్డాను. ఎవరూ చూడలేదు.

బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, మొత్తం విని బ్లాంక్ చూపించమంది. శుభ్రంగా ఉందని ఆమె చెప్పింది. అయినా ఒకసారి చూద్దామంది పెద్దావిడ. సార్ నన్ను తెరవమన్నారు. తెరిచాను. గోడ మీద ఆమెకు దొరికిన అక్షరాల వరుస, బ్లాంక్‌లోది పక్కపక్కన వచ్చాయి. అక్షరం తేడా లేదు.

"సముద్రం అడుగున వెతకమంటే మన నల్లా నీళ్లలో వెతికావామ్మా" అన్నారు సార్. హాలంతా నవ్వింది. పెద్దావిడ నవ్వలేదు. బ్లాంక్ చూసుకోలేదా అని సార్ గట్టిగా అడిగారు. ఆమె నా వైపు చూసింది. నేను కీబోర్డు వైపు చూశాను.

"చూడలే సార్. నాదే తప్పు" అంది.

మరునాటి నుంచి ఆమెకు సీసాలు కడిగే గదిలో పని. ఆమె పేరు పోయి నల్లా మేడం అయింది. ఒకసారి క్యాంటీన్‌లో ఎవరో ఆ మాట అంటే నేనూ నవ్వాను. వెనక్కి తిరిగితే వరుసలో ఆమె పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పళ్లెం అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. నెల తిరగకముందే ఉద్యోగం మానేసింది.

ఆమె నోటు పుస్తకాలు నాకు అప్పగించారు. నల్లా నీళ్ల జీవిని లెక్కలోంచి తీసేశాక మిగిలిన దాంట్లో, ఆమె రాసిపెట్టిన పద్ధతిలోనే వెతికితే నిజమైనది దొరికింది: ఎలక్ట్రాన్లను పక్కవాటికి తీగలా మోసుకెళ్లే ప్రొటీన్ జన్యువులు. ఆమె పెన్సిల్‌తో ఆ చోట సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంచింది. దాని మీద వ్యాసం రాశాం. ఆమె పేరు కూడా పెడదామా అని సార్ ఒకసారి అడిగారు. మొదట్లో గొట్టాలు సర్దిపెట్టింది తప్ప ఏం చెయ్యలేదని చెప్పాను. ఆయన తలూపి తర్వాతి పేజీకి వెళ్లారు. ఆ ఏడాది ఓడ కూడా ఎక్కాను. ఎక్కువ రోజులు వాంతులతోనే గడిచాయి.

రెండేళ్ల తర్వాత గండిమైసమ్మ చౌరస్తాలో స్కూటీ ఆపినప్పుడు, బస్సు కోసం నిలబడ్డ ఆమె కనిపించింది. మెడలో ఏదో మందుల కంపెనీ కార్డు. నన్ను చూసి తప్పించుకోలేదు. తనే దగ్గరికి వచ్చి, మేడ్చల్ దగ్గర పనిచేస్తున్నానని, కంపెనీ వాడే నీళ్లలో బ్యాక్టీరియా ఉందేమో రోజూ పరీక్షిస్తానని చెప్పింది. గొంతులో ఎగతాళి లేదు. వ్యాసం చదివానంది. బాగా వచ్చిందంది. సమీక్ష రోజు నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఫైలు ఫోల్డర్ల ఉండె. నువ్వు లేదన్నవని జెప్తే ఎవ్వలు నమ్ముదురు?" అంది. కొంచెం ఆగి, "నాయిన అడిగిండు, నౌకరి ఎందుకు ఇడిసిపెట్టినవని. నాకు గా పని రాలేదని జెప్పిన. ఆయన నమ్మిండు. అదొక్కటే మస్తు బాధైంది" అంది.

తర్వాత బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడింది. బస్సు వచ్చింది. ఆమె ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని ఫోన్ తీసి చూసుకుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగే సందు దొరకలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ బస్సు రావడానికి పది నిమిషాలు పట్టింది.