అమ్మ పేరున్న స్టీలు గిన్నె

ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూస్తుంటే, చిన్నప్పుడు నాంపల్లిలో మా పక్కింట్లో ఉన్న ఖాలా కనబడి ఇంటికి లాక్కెళ్లింది. వంటింట్లో మా గిన్నె! అంచున సొట్ట, చెక్కించిన అమ్మ పేరు. ఇల్లు మారేటప్పుడు సామాన్ల బండి మీంచి నేనే పడేశానని అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

గుర్తుందా, అప్పట్లో పక్కింటివాళ్ల గిన్నె ఎవరూ ఖాళీగా తిరిగిచ్చేవాళ్లు కాదు!

"ఉగాదికి ఈ గిన్నెల భక్షాలు పంపింది మీ అమ్మ. ఖాళీగ ఎట్లియ్యాలె బేటా? ఖీర్ చేద్దామనేలోపే మీరు ఇల్లు మారిన్రు" అంటూ ఖాలా దాన్నిండా ఖీర్ పోసింది.

ఇంటికి తెచ్చిస్తే, అమ్మ తన పేరును వేలితో తడిమింది. ఖీర్ మొత్తం తిన్నాక అంది:

"రేపు గీ గిన్నెలనే భక్షాలిచ్చి రా. ఈసారి ఖాళీగనే ఇయ్యమను!"