మంగతాయారు రెండు చదువులు

మంగతాయారుది కాకినాడ. అక్కడ ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఎనిమిదేళ్లు థర్మోడైనమిక్స్ చెప్పింది. 2013లో భర్త కమలాకర్‌కి జర్మనీలో ఎష్‌బోర్న్ అనే ఊళ్లో బ్లూ కార్డు వీసా మీద ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ల ఈషాని చంకనేసుకుని తనూ వచ్చేసింది. మా బిల్డింగులో వాళ్లది నాలుగో అంతస్తు, మాది మూడు. నన్ను సుభద్ర గారూ అని పిలుస్తుంది. నాకంటే పదేళ్లు చిన్నది.

వచ్చిన మూడేళ్లూ జర్మన్ నేర్చుకుంది. ఆ తర్వాత ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టింది. నలభై పెడితే ఒకచోట ఇంటర్వ్యూకి పిలిచారు. యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీ. అక్కడి పెద్దాయన ఈమెతో మర్యాదగా మాట్లాడి, కాఫీ ఇచ్చి, చివర్లో అన్నాడట: "ఇంజినీర్లు మాకు చాలామంది ఉన్నారండీ. డ్రాయింగూ అర్థమై, కాంట్రాక్టూ అర్థమయ్యే మనిషే దొరకడం లేదు."

పంపించెయ్యడానికి అన్న మాట అది. ఈమె దాన్ని సీరియస్‌గా తీసుకుంది.

రైల్లో గంటంపావు దూరంలో ఒక యూనివర్సిటీ ఉంది. అక్కడ ఇంజినీరింగూ లా కలిపి చదివే డబుల్ డిగ్రీ ఉంది. తొమ్మిది సెమిస్టర్లు, రెండు పట్టాలు. ఆ బ్రోషరు నాకూ చూపించింది. దాని మీద ఒక అమ్మాయి ఒక చేత్తో హెల్మెట్టు, ఇంకో చేత్తో చట్టాల పుస్తకం పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. ఆ పిల్ల ఎక్కడైనా ఎదురుపడితే నాలుగు మాటలు అడగాలని ఉందని తర్వాత చాలాసార్లు అంది మంగతాయారు.

2016 అక్టోబరులో, ముప్ఫై ఏడేళ్ల వయసులో, పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్య కూర్చుంది. ఇంజినీరింగ్ భవనం ఊరికి ఒక చివర, లా భవనం ఇంకో చివర కొండ మీద. మధ్యలో బస్సులో ముప్పావుగంట. రెండు క్లాసుల మధ్య టైమ్‌టేబుల్లో ఇచ్చిన విరామం అరగంట. అంటే ప్రతి మంగళవారం ఏదో ఒక క్లాసులో ఆలస్యంగా తలుపు తోసుకుని వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ ప్రొఫెసరు గడియారం చూసేవాడు.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది.

ఇంజినీరింగులో ముందు జవాబు చెప్పాలి, తర్వాత లెక్క చూపించాలి. లాలో జవాబు చివర్న రావాలి. మొదటి వాక్యమే "కొన్నవాడికి అమ్మినవాడి మీద హక్కు ఉండవచ్చు" అని మొదలుపెట్టాలి. ఉండాలంటే ఏమేం కావాలో ఒక్కొక్కటే ఎత్తుకుని, ఒక్కొక్కటే పరీక్షించి, ఆఖరికి ఉందనో లేదనో తేల్చాలి. మొదటి పరీక్షలో పాత సైకిల్ అమ్మకం గురించి ప్రశ్న ఇచ్చారు. ఈమె పాత అలవాటుకొద్దీ "తప్పు అమ్మినవాడిదే. కారణాలు ఇవీ" అని రాసేసింది. పద్దెనిమిదికి రెండు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో, "ఫలితం సరే. దారి ఎక్కడ?" అని రాశారు.

సరే అని ఆ పద్ధతి ఒంటబట్టించుకుంది. అదే నెలలో పంపు మీద ల్యాబ్ రిపోర్టు రాయాల్సి వచ్చింది. చెయ్యి తిరిగిపోయిందేమో, "పంపు సామర్థ్యం తగ్గి ఉండవచ్చు. అలా అనడానికి మూడు షరతులు నెరవేరాలి" అని మొదలుపెట్టింది. ల్యాబ్ అసిస్టెంటు దాని కింద ఒకే ముక్క రాశాడు: "తగ్గిందా, లేదా?"

"వీళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోరండీ," అంది ఆ రోజు మా ఇంటికొచ్చి. "ఒకే యూనివర్సిటీ, ఒకే కోర్సు. నేను రోజూ రెండు బుర్రలు మార్చుకుంటూ తిరగాలి."

ఇంట్లోనూ సుఖం లేదు. లాలో మార్కులు పద్దెనిమిదికి ఇస్తారు. నాలుగొస్తే పాసు, తొమ్మిదొస్తే ఊరంతా చెప్పుకుంటారు. ఈమెకి ఐదొచ్చిన రోజు సంబరపడుతూ చెబితే కమలాకర్ ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి, "పద్దెనిమిదికి ఐదా? పోనీలే, వచ్చేసారి చూద్దాం," అన్నాడు. ఆయన ఓదార్చాననే అనుకున్నాడు. ఆమె ఆ రాత్రి భోజనం వడ్డించి వెళ్లి పడుకుంది. ఈషా సంగతి చెప్పక్కర్లేదు. తల్లి పాఠం పైకి చదువుకుంటుంటే పక్క గదిలోంచి, "డీ ఫెర్‌ట్రాగ్ కాదమ్మా, దేర్ ఫెర్‌ట్రాగ్," అని కాంట్రాక్టు అనే జర్మన్ మాటకి లింగం దిద్దేది. ఏడేళ్ల పిల్ల.

2018 ఫిబ్రవరిలో అసలు దెబ్బ తగిలింది. హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్షా, కాంట్రాక్టు లా పరీక్షా ఒకే రోజు, ఒకే పది గంటలకి పెట్టారు. రెండూ తప్పనిసరి పేపర్లే.

ఇంజినీరింగ్ పరీక్షల ఆఫీసుకి వెళ్లింది. అక్కడావిడ కంప్యూటర్లో చూసి, "నిజమే, ఇబ్బందే. లా వాళ్లు మార్చుకోవాలి," అంది. బస్సెక్కి కొండ మీదికి వెళ్లింది. లా ఆఫీసులో ఆయన, "మా తేదీ ఏడాది ముందే ఖాయమైంది. ఇంజినీరింగ్ వాళ్లు మార్చాలి," అన్నాడు. మరి రెండు కోర్సులకీ కలిపి ఒక మనిషి ఉంటారు కదా అని అడిగింది. ఉంటారు, ఆవిడ సెలవులో ఉంది, టెర్మిన్ తీసుకోండి అన్నారు. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటు. దొరికిన టెర్మిన్ పరీక్ష అయిపోయిన రెండు వారాలకి.

ఇద్దరికీ ఉత్తరాలు రాసింది. ఇద్దరూ చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఏ పరీక్ష రాయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మీకుంది అన్నారు.

మా ఇంటికొచ్చి ఆ జవాబులు తన ఫోన్లో చూస్తూ నాకు చదివి వినిపించి, నా చేతిలోంచి చిక్కుడుకాయలు లాక్కుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టింది.

"ఎనిమిదేళ్లు పాఠం చెప్పానండీ ఆ సబ్జెక్టు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. లా పరీక్ష ఏడాదికొకసారే వస్తుంది కాబట్టి అది రాయాలి, నాకు వచ్చిన పరీక్షేమో సెప్టెంబరు దాకా వాయిదా వెయ్యాలి. అది పాసైతే గానీ తర్వాతి ప్రాజెక్టు ఇవ్వరట. ఏడాది వెనక్కి పోయినట్టే."

"ఇద్దరి మీదా పైవాళ్లకి కంప్లయింటు చెయ్యకూడదా?"

"ఎవరి పైవాళ్లకండీ? వాళ్లకీ రెండు ఆఫీసులున్నాయి."

మానేస్తుందనుకున్నాను. పదహారు మందితో మొదలైన బ్యాచిలో అప్పటికి తొమ్మిది మంది ఒక చదువు వదిలేసి రెండోది పట్టుకున్నారు. ఆమె వదల్లేదు. పట్టుదలా అంటే ఏమో, ఏది వదలాలో తేల్చుకునే తీరిక లేకపోయింది అనేది తను.

ఆ ఏడాది నవంబరులో ఈషా గదిలో బీరువా జరిపితే వెనక గోడ మూల నల్లగా బూజు పట్టి ఉంది. పిల్లకి అప్పటికే నెల్లాళ్లుగా దగ్గు. బిల్డింగు చూసే కంపెనీకి ఫోటోలు పంపారు. వారంలో జవాబు వచ్చింది. మీరు కిటికీలు సరిగా తెరవడం లేదు, ఎక్కువసేపు వండుతారు, బట్టలు లోపల ఆరేస్తారు, అలవాట్లు మార్చుకోండి అని.

"బూజు మందు కొట్టి రంగేసేస్తాను," అన్నాడు కమలాకర్. "వాళ్లతో ఎందుకొచ్చిన గొడవ?"

"మనం ఎలా వండుతామో వాళ్లు ఎప్పుడు చూశారు?" అంది ఆమె.

కాలేజీ ల్యాబ్‌లోంచి ఒక చిన్న పరికరం అడిగి తెచ్చింది. గదిలో తేమనీ, గోడ చల్లదనాన్నీ గంటగంటకీ రాసుకునే పరికరం. మూడు వారాలు అక్కడే ఉంచింది. గదిలో తేమ నలభై ఐదు శాతం దాటలేదు. అది ఉండదగ్గ హద్దు కంటే తక్కువే. గది ఇరవై డిగ్రీలున్నా ఆ మూల గోడ మాత్రం తొమ్మిది దగ్గరే ఉంది. బాల్కనీ కాంక్రీటు పలక సరిగ్గా అక్కడే గోడలోంచి లోపలికి వచ్చి, బయటి చలిని ఇంట్లోకి మోస్తోంది. అంత చల్లటి గోడకి మామూలు గాలి తగిలినా బూజు పడుతుంది. ఎవరు వండినా, వండకపోయినా.

ఇక ఉత్తరం రాసింది. పదకొండు పేజీలు. అద్దెకున్నవారికి హక్కు ఉండవచ్చు అని మొదలుపెట్టి, ఒక్కొక్క షరతూ పరీక్షిస్తూ వెళ్లింది. జర్మన్ తప్పులు చూడమని ఈషాకిచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల ఓపిగ్గా నాలుగు పేజీలు చదివి, "అమ్మా, వాళ్లని ఏం చెయ్యమంటున్నావు?" అంది.

"చివరి పేజీలో ఉంది."

"అప్పటిదాకా ఎవరు చదువుతారు?"

మంగతాయారుకి కోపం వచ్చింది. మర్నాడు పొద్దున మాత్రం కూర్చుని మొత్తం తిరగరాసింది. మా పాప గదిలో ఫలానా గోడకి ఫలానా తేదీలోగా బయటినుంచి చలి ఆపే పొర వెయ్యాలి అన్నది మొదటి వాక్యం. తర్వాత కొలతలు, తర్వాత చట్టం సెక్షన్లు. రెండే పేజీలు.

జనవరిలో కంపెనీ నుంచి వీగాండ్ అనే పెద్దమనిషి వచ్చాడు. సాక్షిగా ఉండమని నన్నూ పిలిచింది. ఆయన లోపలికి వస్తూనే గాలి పీల్చి, "ఇండియన్ ఇళ్లలో ఆవిరి ఎక్కువ," అన్నాడు.

"వంటగది ఆ చివరండీ," అంది మంగతాయారు. "ఆవిరి వల్లైతే ముందు ఆ గోడ పాడవ్వాలి. రండి, చూద్దురుగాని."

ఆయన వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. తిరిగి వచ్చాక ఆమె కొలతల కాగితాలు ముందు పెట్టింది. చాలాసేపు చూశాడు.

"మీరు ఇంజినీరా?"

"అవును."

"మరి ఈ సెక్షన్లు ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాశాను."

ఆయన కమలాకర్ వైపు తిరిగి, "మీ లాయరు పేరు చెబితే నేరుగా మాట్లాడతాను," అన్నాడు.

"ఆవిడే," అన్నాడు కమలాకర్. ఆ ఒక్క మాటా అన్నందుకు ఆమె ఆయన పాత తప్పులు కొన్ని క్షమించిందని నా అనుమానం.

మే నెలలో బిల్డింగు ఆ పక్కంతా పరంజా కట్టి, కింద నుంచి పై దాకా పొర వేశారు. మా ఇంట్లోనూ అదే మూల బూజు పట్టేది. నాలుగేళ్లుగా మందు కొట్టుకుంటూ, తప్పు మాదేనేమో అనుకుంటూ ఊరుకున్నాం. ఆ సంగతి ఆమెకి చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. "నన్నడిగితే అప్పుడే కొలిచేదాన్ని కదండీ," అని నా మీదే విసుక్కుంది.

కంపెనీ ఉత్తరం కూడా వచ్చింది. చట్టపరంగా మా బాధ్యత ఏమీ లేకపోయినా, సద్భావంతో ఈ పని చేయించాం అని. గోడ బాగుపడినందుకు కమలాకర్ మిఠాయి తెస్తే ఆమె ముట్టుకోలేదు. "సద్భావం ఎక్కడుందండీ ఇందులో? బాధ్యతే," అని ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మళ్లీ ఉత్తరం రాస్తానంటే ఆయన బతిమాలి ఆపాడు.

తొమ్మిది సెమిస్టర్ల చదువు పన్నెండు పట్టింది. 2022 శరదృతువులో రెండు పట్టాలూ చేతికొచ్చాయి. జర్మనీలో ఆ లా పట్టాతో కోర్టులో వాదించడానికి వీల్లేదు, దానికి వేరే పెద్ద పరీక్షలున్నాయి. అది ముందే తెలుసు ఆమెకి. అయినా తెలిసినవాళ్లంతా కనపడగానే, లాయరు గారూ, మా ఓనరు మీద కేసేద్దామా అని మొదలుపెడతారు. ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పీ చెప్పీ ఇప్పుడు నవ్వి ఊరుకుంటుంది.

ఉద్యోగం మాత్రం దొరికింది. రొట్టెలు కోసే యంత్రాలు, పిండి కలిపే యంత్రాలు తయారుచేసే కంపెనీలో. యంత్రం గేటు దాటే ముందు అది చట్టం అడిగినట్టు ఉందో లేదో ఈమె చూసి సంతకం పెట్టాలి.

మొన్న అడిగాను, మళ్లీ మొదటికొస్తే ఈ రెండు చదువులూ చదువుతావా అని.

"చదవనండీ," అంది ఆలోచించకుండానే. "చచ్చినా చదవను."

బ్యాగు భుజాన వేసుకుంటూ నిలబడింది. డిజైన్ వాళ్లకీ కాంట్రాక్టుల వాళ్లకీ మాట కుదరక ఒక యంత్రం పది రోజులుగా షెడ్డులోనే పడి ఉందట. ఈ పూట ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టే పని తనదట. ఎనిమిదింబావు రైలు తప్పిపోతుందని మెట్లు దిగి గబగబా వెళ్లిపోయింది.